అక్క చేతికి కత్తి

జూన్ 3, మంగళవారం

ఆర్డర్ల పుస్తకంలో వెనక పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వృథా చెయ్యడమెందుకని రాస్తున్నాను. అంతే తప్ప మనసులో ఏదో పెట్టుకుని కాదు.

ఈరోజు లెక్కల మాస్టారు వచ్చారు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు నిండుతున్నాయట, భార్యకు వంటింటి కత్తి చేయించి కానుకగా ఇస్తారట. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, దొంగసొత్తు కొనడానికి వచ్చినవాడిలా గొంతు తగ్గించి మరీ చెప్పారు. ఆయన చేతిలో రేకు డబ్బా ఒకటి పెట్టాను.

"ఇదేంటమ్మా?"

"మట్టిముద్దండీ. తడిగుడ్డ చుట్టాను, ఎండనివ్వకండి. మీ ఆవిడ కత్తి పట్టుకున్నట్టుగా దీన్ని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలెయ్యాలి. ఆ వేళ్ళ గుర్తుల్ని బట్టి పిడి చెక్కుతాను."

"ఆవిడకి తెలియకూడదు కదా. మరి ఎలా పట్టించడం?"

"అది మీ లెక్క మాస్టారూ. మీరే చేసుకోవాలి."

పదహారేళ్ళుగా నా పద్ధతి ఇదే. కాలి కొలత లేకుండా చెప్పు కుట్టరు, ముద్ద లేకుండా నేను పిడి చెయ్యను. ముద్ద చూసి మనిషిని చెప్పేస్తాను. భయస్తుడా, మొండివాడా, వంట చేస్తాడా, చేస్తానని నలుగురిలో చెప్పుకుంటాడా, అన్నీ అందులో ఉంటాయి. ఇనుము పని నాన్న నేర్పాడు. ఈ విద్య మాత్రం నా సొంతం. ఇందులో నన్ను మించినవాళ్ళు లేరు.

మాస్టారు పెళ్ళిరోజు తారీఖు చెబుతుంటే గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆగస్టు ఇరవైకి అక్కకు అరవై నిండుతాయి. నాకేం?

జూన్ 4

నాకేం.

జూన్ 6, శుక్రవారం

ఈ పుస్తకం ఎవరైనా చదివితే (ఎవరూ చదవరు) తప్పు నాదనుకుంటారేమో. అందుకని జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

అమ్మ కత్తి నాన్న చేసింది. అమ్మ ముప్ఫై ఏళ్ళు వాడి, పోయేముందు అక్కకు ఇచ్చింది. న్యాయమే. అక్కకు వంట, నాకు కొలిమి. అక్క తన క్యాంటీన్‌లో రోజూ అరవై మందికి మధ్యాహ్నం భోజనం పెడుతుంది. ఆ కూరలన్నీ ఆ కత్తితోనే తరిగేది. రెండేళ్ళ కిందట సానపట్టమని పంపింది. చూశాను. పిడి చీలింది. రివెట్లు మూడూ వదులయ్యాయి. పైన ఒకచోట పెద్ద గుంట. ఏ పనివాడైనా ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను. చేవ ఉన్న నల్లకర్రతో కొత్త పిడి చెక్కి, అద్దంలా నునుపు చేసి, ఇత్తడి రివెట్లు కొట్టి పంపాను. చూడముచ్చటగా ఉంది.

అక్క ఆ కత్తి పట్టుకుని మూడు వీధులు పరిగెత్తుకుంటూ వచ్చింది. జనం పక్కకు తప్పుకుని గోడలకు అంటుకుపోయారట. "అమ్మ బొటనవేలు అరగదీసిన గుంటే అది! ఎందుకు తీశావు? ఆ పిడేదీ?" అని నా కొలిమి ముందు నిలబడి అరిచింది.

అడగడానికో పద్ధతి ఉంటుంది. నేను మాత్రం మనిషిని కానా? "పొయ్యిలో వేశాను" అన్నాను.

అప్పట్నుంచి మాటల్లేవు. చీలిన పిడి. ఎవరైనా మారుస్తారు.

జూన్ 8, ఆదివారం

పనేమీ లేదు. ఉత్తినే కూర్చోలేక లారీ కమాను పట్టీ ముక్క ఒకటి కాల్చి సాగగొట్టాను. షాపు ముందు అద్దాల పెట్టెలో పెట్టడానికి నమూనా కత్తి ఒకటి ఉండాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఎనిమిది అంగుళాలు, కోసే అలుగు వెడల్పు, అంచు పల్చన.

జూన్ 9

నమూనా కత్తి మొన కొంచెం పైకి వంచాను. మొన బల్లకు ఆనించి, ఊయల ఊపినట్టు ఊపుతూ క్యాబేజీ తరిగేవాళ్ళకు అలా ఉంటే సుఖం. అలా తరిగేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు.

జూన్ 10

సరే. అక్కకే.

జూన్ 12, గురువారం

గురువారం బావగారి రోజు. పాత పేపర్లో చుట్టిన కత్తుల కట్ట బల్ల మీద పెట్టి, గోడకేసి చూస్తూ, "ఒక ఫ్రెండ్‌వి" అంటారు. నేను "మీ ఫ్రెండ్ కత్తుల్ని నీళ్ళలో నానబెడుతున్నట్టున్నారు, తుడుచుకోమనండి" అంటాను. ఆయన వెళ్ళి ఆ మాట చేరవేస్తారు. పైవారం "మా ఫ్రెండ్ ఎప్పుడూ తుడుస్తూనే ఉన్నారట" అని జవాబు తెస్తారు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన పోస్ట్‌మ్యాన్ ఆయన. రిటైరయ్యాక కూడా ఉద్యోగం తప్పలేదు. మా అక్కాచెల్లెళ్ళ పోట్లాటలో నలిగిపోయేది ఆయనే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

ఇవాళ సానపడుతుంటే ఒకటి గమనించాను. ఈ నాలుగైదు నెలలుగా కత్తులన్నీ పిడి వైపే అరుగుతున్నాయి. అక్క తరిగితే మొన వైపు అరగాలి. ఇది ఎవరో రంపంతో కొమ్మ కోసినట్టుంది. అరవై దగ్గరపడుతోంది కదా, అక్కకు బద్ధకం పెరిగింది.

డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను.

"బావా, ఇది అక్కచేత పట్టించుకు రావాలి. ఎందుకని అడక్కండి, ఎవరికని అడక్కండి."

ఆయనకు అప్పుడే చెమట పట్టింది. "ఏమని చెప్పనే? అది నా మొహం చూసే కనిపెట్టేస్తుంది."

"మొహం చూపించకండి. వెనకనుంచి ఇవ్వండి."

"యాభై నాలుగేళ్ళొచ్చాయి మరదలుపిల్లా నీకు. ఇద్దరూ నన్ను ఈ వయసులో ఈ పనులకు పంపుతారా?"

పంపుతాం. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అదొక్కటే భయం.

జూన్ 19, గురువారం

వచ్చింది! ముద్ద వచ్చింది! బావగారు డబ్బా బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. అక్కకు తెలియకుండా సాధించుకొచ్చారంటే ఆయన్ని తక్కువ అంచనా వేశాను.

సాయంత్రం వెలుతురున్నంతసేపూ ముద్దని తిప్పి తిప్పి చూశాను. రెండేళ్ళలో అక్క బాగా ఒళ్ళు చేసింది. అరచెయ్యి ఎంత వెడల్పయిందో! వేళ్ళు లావెక్కాయి. సుఖపడుతోందన్నమాట, నేను లేకపోయినా. ఎంత గట్టిగా పట్టుకుందంటే మట్టి వేళ్ళ సందుల్లోంచి బయటికి పొంగింది. నా పీక అనుకునే పట్టుకుని ఉంటుంది. నాలుగో వేలి దగ్గర వెడల్పాటి ఉంగరం గుర్తుంది. బావగారు కొత్త ఉంగరం చేయించారు కాబోలు. నాతో ఒక్క మాట అనలేదు.

మట్టిలో రెండు మూడు వెంట్రుక ముక్కలు కూడా అంటుకున్నాయి. వంటిల్లు శుభ్రంగా ఉంచుకోవడం లేదు.

కోపం ఇంకా అంతే ఉంది. ఆ ముద్దే చెబుతోంది.

జూలై 2, బుధవారం

అలుగుకు పదును పెట్టాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, వంకర తిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. గోటితో మీటితే గుడిగంటలా మోగింది. ఒక్కదాన్నే కొలిమి ముందు నిలబడి చిన్నపిల్లలా ఎగిరాను. ఇంత మంచి అలుగు నా చేత్తో ఇప్పటిదాకా రాలేదు.

దీన్ని చూశాక కూడా అక్క మాట్లాడకపోతే ఇక మనిషే కాదు.

జూలై 9, బుధవారం, మధ్యాహ్నం

లెక్కల మాస్టారి భార్య వచ్చింది. నెలరోజులుగా మాస్టారు రాలేదేమా అనుకుంటున్నాను. ఆవిడ డబ్బా తెరిచి, నా కళ్ళముందే ముద్దని చక్కగా పట్టుకుని, తిరిగి ఇచ్చింది.

"ఆయనకి దాచడం చేతకాదండీ. మొన్న ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నా చేతిలో తడిమట్టి పెట్టారు. బల్లి పడిందనుకుని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఇవాళ ఆయన స్కూలుకెళ్ళాక డబ్బా వెతికి తెచ్చాను. మళ్ళీ అలాంటి ముద్దే ఇంకోటి ఇవ్వండి, అక్కడ పెట్టేస్తాను. కత్తి ఇచ్చిన రోజు ఆశ్చర్యపోతాను లెండి, మీరేం కంగారుపడకండి."

నాకు ఆవిడ భలే నచ్చింది. బల్ల మీద అక్క కత్తి ఉంది. పిడి చెక్కడం అయింది, పై నునుపు బాకీ. ఆవిడ దాన్ని పట్టుకుని చూసింది.

"అబ్బ, ఎంత పెద్ద పిడి! ఏ మగాయనకండీ?"

"మా అక్కకి. క్యాంటీన్ ఉందే, ఆవిడకి."

"మా ఆఫీసు ఎదురుగా ఉన్నదేనా? మీరు ఆవిడ చెల్లెలా? రోజూ అక్కడే కదా మా భోజనం." కత్తిని కిందపెట్టి నావైపు అదోలా చూసింది. "మరి ఆవిడకి కత్తెందుకండీ? ఆవిడ ఇప్పుడు ఏదీ తరగరు కదా. కుడిచేతికి ఆపరేషనయ్యాక కౌంటర్ దగ్గరే కూచుంటున్నారు. గ్లాసు కూడా ఎడం చేత్తోనే. తరిగేదంతా మీ బావగారే."

నేను ఏమన్నానో గుర్తులేదు. ఆవిడకు కొత్త ముద్ద ఇచ్చాననే అనుకుంటాను, ఎందుకంటే డబ్బాలో ఇప్పుడు లేదు.

అదే రోజు, తర్వాత

ఆ ముద్దని మళ్ళీ తీసి చూశాను. ఉంగరం బావగారిది. వెంట్రుకలు బావగారివి. వెడల్పాటి అరచెయ్యి ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల సంచీ మోసిన చెయ్యి. చిన్నపిల్లవాడు చూసినా చెబుతాడు. ముద్ద చూసి మనిషిని చెప్పేస్తానట!

పప్పులో కాలెయ్యడం కాదు ఇది. పప్పులో ఈత కొట్టాను.

కత్తులు పిడి వైపు అరిగాయి. నాలుగైదు నెలలు. ప్రతి గురువారం నా చేతిలోనే ఉన్నాయి. నాకు అప్పుడే తెలియాల్సింది. బద్ధకమని రాశాను. పైన ఉంది, ఇప్పుడే చదివాను.

జూలై 10, గురువారం

బావగారు "ఒక ఫ్రెండ్‌వి" అనేలోగానే ఆ కత్తి ఆయన చేతిలో పెట్టాను. పిడి ఆయన వేళ్ళ మధ్య అలా ఒదిగిపోయింది. ఇంతకాలంలో ఏ కత్తీ ఏ చేతికీ అంత బాగా కుదరలేదు. ఆయన కత్తివైపు చూశారు, నావైపు చూశారు, స్టూలు మీద కూలబడ్డారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఫిబ్రవరి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. మార్చిలో ఆపరేషన్ చేశారు. బొటనవేలూ పక్క రెండువేళ్ళూ పట్టు రాలేదు. వస్తుందో రాదో తెలీదన్నారు."

"నాకు చెప్పకుండానా? మీరా? ఐదు నెలలా?"

"ఒట్టు వేయించుకుందే." ఆయన కత్తిని బల్ల మీద పెట్టేశారు. "నీకు చెబుతానని నేనంటే ఏమందో తెలుసా? 'కోపంతో రాకపోయినా ఫరవాలేదు. అది జాలితో మాత్రం నా గుమ్మం తొక్కకూడదు' అంది."

అక్క మాటే అది. చెవిలో అన్నట్టే వినిపించింది.

"మరి ముద్ద?"

"డబ్బా చూడగానే కనిపెట్టేసింది. నేను నోరు తెరవనే లేదు. చేతిలోకి తీసుకుని కాసేపు ప్రయత్నించింది. మట్టి మీద గీత కూడా పడలేదు. తర్వాత నా ముందు పెట్టి, 'నువ్వు పట్టుకో. తరిగేది నువ్వే కదా. పాపం అది కష్టపడి చేస్తుంది, కత్తి వృథా పోకూడదు' అంది."

బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను వాళ్ళ ఫ్రెండ్ కత్తులన్నీ సానపట్టాను. ఒక్కోదానికి రెండుసార్లు. మరో పని తోచలేదు.

ఇప్పుడు వెళ్ళాలి. వెళితే జాలి అంటుంది. వెళ్ళకపోతే నేను మనిషినే కాదు.

జూలై 11

పిడి పొయ్యిలో వెయ్యలేదు.

జూలై 12, శనివారం

ఇక్కడ కూడా నిజం రాయలేదు. సొంత పుస్తకానికే అబద్ధం చెప్పేదాన్ని ఇంకెవరికి నిజం చెబుతాను? అమ్మ పిడి కింది సొరుగులో, గరుకు కాగితాల అడుగున, రెండేళ్ళుగా ఉంది. ఆ రోజు కోపంలో నోరు జారాను. మర్నాడు తీసుకెళ్ళి ఇచ్చేస్తే అయిపోయేది. మర్నాడు అక్క రాలేదు, నేను వెళ్ళలేదు. నెల గడిచాక తీసుకెళితే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఏడాది గడిచాక ఇంకా కష్టం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను.

ఇవాళ తీసి బల్ల మీద పెట్టాను. రెండు చెక్కలు, ఒకదానికి చీలిక. ఆ గుంటలో బొటనవేలు పెట్టి చూశాను. కుదరలేదు.

బొటనవేలి గుంటయితే ముందుండాలి, అలుగు దగ్గర, పక్కన. ఇది వెనక ఉంది, పైన. వేలికి మరీ వెడల్పు. నిన్నంతా పట్టులేని చెయ్యి ఎలా తరుగుతుందా అని ఆలోచిస్తూనే ఉన్నాను కదా, అందుకే తట్టినట్టుంది. వేళ్ళు వదిలేసి, అరచేతి మడమ ఆ గుంటలో ఆనించి కిందకు నొక్కాను.

అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

అమ్మ వేళ్ళల్లోనూ పట్టు పోయింది. చివరి నాలుగైదేళ్ళూ పిడిని పట్టుకోలేదు, అరచేత్తో నొక్కి తరిగింది. అందుకే అక్కడ అరిగింది, అందుకే ఆ పక్కే చీలింది. మా ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. మూడు పూటలా వండి పెడుతూనే ఉంది, మేం తింటూనే ఉన్నాం. అక్క దాన్ని బొటనవేలంది, నేను పాడైన కర్ర అన్నాను. చేతుల్ని చదవడం నా విద్యట.

చాలాసేపు ఏడ్చాను. ముక్కు చీదుకుని వచ్చి కాగితం మీద బొమ్మ గీశాను. సగం చందమామలాంటి అలుగు, దాని నెత్తిన గుర్రం మీద జీనులా పిడి. వేళ్ళతో పని లేదు. పైనుంచి అరచేత్తో నొక్కి అటూ ఇటూ ఊపితే తెగుతుంది. పిడి కొత్తగా చెక్కక్కర్లేదు. అమ్మ చెక్కిపెట్టే ఉంచింది.

జూలై 19

మొదటి అలుగు నూనెలో ముంచగానే టప్‌మంది. మధ్యకు పగులు. నా నోటి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

జూలై 24

రెండోది అరటిపండులా వంకర తిరిగింది. అరటిపండు తరగడానికి అరటిపండే పనికొస్తుందా? బావగారు చూసి నవ్వారు. ఆయన్ని బయటికి పంపేశాను.

జూలై 29, మంగళవారం

మూడోది నిలిచింది.

కుడిచేతి మూడు వేళ్ళకు గుడ్డపీలిక చుట్టి కదలకుండా కట్టేసుకుని, తాత్కాలికంగా ఒక చెక్క బిగించి, పొద్దున్నించీ క్యారెట్లు తరుగుతున్నాను. నేలంతా క్యారెట్లే. అలుగు ఒంపు ఎక్కువైతే ముక్క జారిపోతోంది, తక్కువైతే భుజం లాగుతోంది. రుద్దడం, తరగడం, మళ్ళీ రుద్దడం. ఆ సమయానికే లెక్కల మాస్టారు కత్తి ఎంతవరకు వచ్చిందో కనుక్కోడానికి వచ్చారు. కట్టేసిన చెయ్యీ, నేల మీద క్యారెట్లూ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"మా ఆవిడ కత్తి... ఇలాగే ఉంటుందా అమ్మా?"

"మీది వేరే మాస్టారూ."

"హమ్మయ్య" అని క్యారెట్లు ఏరడానికి సాయం చేశారు. చేసినన్ని ముక్కలు ఏం చెయ్యాలో తెలియక సగం ఆయనకే కట్టి ఇచ్చాను.

ఆగస్టు 6

మాస్టారి పెళ్ళిరోజు అయింది. ఆవిడ ఎంతలా ఆశ్చర్యపోయిందంటే మాస్టారు భయపడి కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి విసనకర్రతో విసిరారట. ఆయనే వచ్చి గర్వంగా చెప్పారు.

ఆగస్టు 14, గురువారం

అమ్మ పిడి చీలికలోకి జిగురు దింపి, బిగించి, రెండు రోజులు కదపలేదు. అడ్డంగా సన్నటి ఇత్తడి రివెట్ ఒకటి వేశాను. గీత కనిపిస్తుంది, కానీ గట్టిగా ఉంది. గుంటను ముట్టుకోలేదు. గరుకు కాగితం కూడా తగలనివ్వలేదు.

రెండేళ్ళ కిందట నేను చెయ్యాల్సిన పని ఇది. పట్టుమని మూడు రోజులు కూడా పట్టలేదు.

బావగారికి చెప్పలేదు. నువ్వుగింజ విషయం అలా ఉంచితే, ఈసారి ఆయన మీద బరువు పెట్టదలచుకోలేదు.

ఆగస్టు 19

రేపు. ఏం మాట్లాడాలో రాసుకుందామని కూర్చున్నాను. అరగంటలో 'అక్కా' అని ఒక్క మాట వచ్చింది.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున్నే, క్యాంటీన్ తెరవకముందే, వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. బావగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు, పాత కత్తితో, కొమ్మ కోస్తున్నట్టే. అక్క బల్ల దగ్గర కూర్చుని ఎడంచేత్తో ప్లేట్లు తుడుస్తోంది. ఒళ్ళు చెయ్యలేదు. సగమయింది. నన్ను చూడగానే కుడిచేతిని బల్ల కిందకు తీసేసుకుంది.

"వచ్చావా?"

"వచ్చాను."

"జాలా?"

"జాలా? నీ మీదా? పోట్లాడ్డానికొచ్చాను. రెండేళ్ళ కిందట సగంలో ఆగిపోయింది కదా."

అక్క ఎడంచేత్తో స్టూలు ఇటు తోసింది. "అయితే కూచో" అంది.

ముందు, నునుపు పూర్తిచేసిన బావగారి కత్తి ఆయన ముందు పెట్టాను. "ఇది మీ చేతి కొలతకు చేశాను బావా. మీకు తెలుసుగా." తర్వాత అక్క ముందు గుడ్డమూట పెట్టాను. ఎడంచేత్తో విప్పింది. అలుగు చూడనే లేదు. వేళ్ళు ముందు పిడి మీదకు వెళ్ళాయి, గుంట దగ్గర ఆగిపోయాయి.

"పొయ్యిలో వేశానన్నావు."

"వేశాను. కాలలేదు."

"ఎండిన కర్ర కాలకపోవడమేంటే?"

"మంట సరిగా లేదు ఆ రోజు."

చిన్నప్పుడు పాలు పిల్లి తాగిందని చెప్పినప్పుడు చూసినట్టే చూసింది. నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. నిందంతా ఉల్లిపాయల మీద పెట్టెయ్యమని బావగారు సలహా ఇచ్చారు, ఆయన కళ్ళూ అలాగే ఉన్నాయి.

"కుడిచెయ్యి ఇలా తే" అన్నాను. బల్ల కింది నుంచి తీయలేదు. "అక్కా, అది బొటనవేలి గుంట కాదు. చెయ్యి తే, చూపిస్తాను."

తెచ్చింది. సన్నబడిపోయింది, మణికట్టు మీద గాటు ఇంకా ఎర్రగానే ఉంది. అరచేతి మడమ గుంటలో ఆనించి, పైన నా చెయ్యి పెట్టి నొక్కాను. క్యాబేజీ రెండు ముక్కలయింది. చెయ్యి తీసేశాను. అక్క ఒక్కతే నొక్కింది. నాలుగు ముక్కలయింది. ఎనిమిదయింది. ఇక ఆగలేదు, మొత్తం సన్నగా తరిగిపోయేదాకా ఆగలేదు.

"అమ్మ కూడానా?" అంది తల ఎత్తకుండా.

"అమ్మ కూడా."

"బల్ల మీదకు వంగి నొక్కి నొక్కి తరిగేదే. తొందరలో ఉందనుకునేదాన్ని." కత్తిని తిప్పి చూసింది. చూస్తూ చూస్తూనే చీలిక మీద గోరు ఆనించింది. "అతికించావా దీన్ని?"

"అతికించాను."

"అంటే మార్చక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

"నేను ఆ రోజు చెప్పాను."

"చెప్పావు."

"మరి తప్పెవరిది?"

"తొమ్మిదవుతోంది, అరవై మందికి వండాలి. ఇంకో క్యాబేజీ అందుకో" అన్నాను.

తప్పు నాదే. అక్క ముందు నోరు రాలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. చీలిన పిడి, ఎవరైనా బాగుచేస్తారు.

ఆగస్టు 28, గురువారం

పదకొండయినా బావగారు రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడి తాళం వెయ్యబోతుంటే గుమ్మంలో నీడ పడింది. అక్క. రెండేళ్ళ తర్వాత నా కొలిమి దగ్గరకు. ఈసారి పరిగెత్తుకుంటూ రాలేదు. ఎడమ చంకలో పాత పేపర్ పొట్లం. బల్ల మీద పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడింది.

"ఎవరివి?" అన్నాను.

"ఒక ఫ్రెండ్‌వి."

పొట్లం విప్పాను. పైనే ఉంది, సగం చందమామ. వెలుతురు దగ్గరకు తీసుకెళ్ళి అంచు చూశాను. ఎనిమిది రోజులకే మధ్యలో మెరుపు పోయింది, అటూ ఇటూ సమానంగా అరిగింది.

"మీ ఫ్రెండ్ దీన్ని తెగ వాడుతున్నట్టున్నారు" అన్నాను.

"నువ్వు మెత్తటి ఇనుము పెట్టావేమో" అంది అక్క, స్టూలు లాక్కుని కూర్చుంటూ.